జబ్బు పేరు చెప్పి పాడినవాడు

1989 ఏప్రిల్. ఉగాండా రాజధాని కంపాలా.

విలేకరుల ముందుకు వచ్చిన మనిషిని అక్కడ ఎవరికీ పరిచయం చెయ్యనక్కర్లేదు. ఫిలీ లుటాయా. 'బార్న్ ఇన్ ఆఫ్రికా' పాటతో దేశమంతటినీ ఊపేసిన గాయకుడు. ఆయన పాడిన క్రిస్మస్ పాటలు మోగకపోతే ఆ దేశంలో పండుగ వచ్చినట్టే ఉండదు. కొన్నేళ్లుగా స్వీడన్‌లో ఉంటున్నాడు. అంత దూరం నుంచి వచ్చి పత్రికలవాళ్లను పిలిచాడంటే కొత్త కచేరీ గురించేనని ఎవరైనా అనుకుంటారు.

తనకు ఎయిడ్స్ సోకిందని చెప్పాడు లుటాయా.

అప్పటికి ఆ జబ్బు అక్కడ కొత్తదేమీ కాదు. 1980ల మొదట్లోనే విక్టోరియా సరస్సు ఒడ్డున, రకాయ్ ప్రాంతపు జాలరి పల్లెల్లో మనుషులు చిక్కి శల్యమై చనిపోవడం మొదలైంది. 'స్లిమ్' అని పేరు పెట్టారు. కొందరు చేతబడి అన్నారు. 1986లో వచ్చిన కొత్త ప్రభుత్వం జబ్బును దాచకుండా ప్రచారానికి దిగింది. మన ఊళ్లో దండోరా వేసినట్టు, రేడియోలో ముందు డోలు మోగేది, ఆ వెంటనే హెచ్చరిక వినిపించేది. 1987లో భర్తను ఇదే జబ్బుకు పోగొట్టుకున్న నోరీన్ కలీబా, మరికొందరితో కలిసి బాధితులకు అండగా 'టాసో' అనే సంస్థ పెట్టింది. ఇంత జరుగుతున్నా పేరున్న మనిషి ఎవరూ 'నాకు వచ్చింది' అని నోరు విప్పలేదు. ప్రతి ఇంటా చావు ఉంది, ఆ చావుకు పేరు మాత్రం లేదు.

లుటాయా చెబితే జనం నమ్మారా? చాలామంది నమ్మలేదు. మనిషి చూడబోతే నిటారుగా నిలబడి ఉన్నాడు, నవ్వుతున్నాడు, పాడుతున్నాడు. ప్రచారం కోసం డబ్బిచ్చి చెప్పించారన్నారు. పేరు కోసం ఆడుతున్న నాటకమన్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడకుండా ఉంటాయా? అయినా ఊరుకోలేదు. బడులకు వెళ్లాడు, చర్చిలకు వెళ్లాడు. వెంట ఒక కెమెరా బృందం తిరిగింది. ఆ చిత్రాలే తర్వాత 'బార్న్ ఇన్ ఆఫ్రికా' అనే డాక్యుమెంటరీగా వచ్చాయి.

ఆ పర్యటనలో ఒక బడి ఆవరణను ఊహించుకోండి. యూనిఫాం వేసుకున్న పిల్లలు నేల మీద బారులుగా కూర్చున్నారు. పదిహేను, పదహారేళ్ల వయసు. ఈ గొంతుకు వాళ్లు ఇంట్లో, పెళ్లిళ్లలో ఎన్నిసార్లు చిందులేశారో. ఇప్పుడా గొంతు ఎదురుగా నిలబడి జబ్బు సంగతి చెబుతోంది. మొదట గుసగుసలు. ఆ తర్వాత ఒక చెయ్యి లేచి ఉంటుంది. కరచాలనం చేస్తే వస్తుందా, ఒకే పళ్లెంలో తింటే వస్తుందా, దోమ కుడితే వస్తుందా అని అడిగి ఉంటారు. ఆ రోజుల్లో ప్రపంచమంతా అడిగిన ప్రశ్నలే అవి. వేటికీ రాదు. కండోమ్ లేని శారీరక సంబంధం, కలుషితమైన రక్తం, సూదులు, తల్లి నుంచి బిడ్డకు: దారులు ఇవే. ఈ మాటలు ఆరోగ్య శాఖ కరపత్రంలోనూ ఉంటాయి. కాని కరపత్రం చెప్పడం వేరు, తాము ప్రేమించిన పాటగాడు తన ఒంటినే సాక్ష్యంగా నిలబెట్టి చెప్పడం వేరు. పిల్లలు భయపడి పారిపోలేదంటే కారణం అదేనని నా నమ్మకం.

జాగ్రత్తలు మాటల్లో చెప్పొచ్చు. పాటకు ఆయన వేరే పని అప్పజెప్పాడు. జబ్బుతో ఉంటూనే సిద్ధం చేసిన 'అలోన్ అండ్ ఫ్రైటెండ్' ఆల్బమ్‌లోని ప్రధాన గీతంలో నీతులు లేవు. ఒంటరిగా, బెదిరిపోయి, చీకట్లో ఉన్న మనిషి పిలుపు ఉంది. ఆ పిలుపు మెల్లగా అందరినీ చేతులు కలపమని అడిగే స్థాయికి చేరుతుంది. ఎయిడ్స్ మీద వచ్చిన పాటల్లో దీన్ని మించింది నాకు తెలియదు.

అదే కాలంలో కాంగోలో ఇంకో మహా గాయకుడున్నాడు, ఫ్రాంకో. 1987లోనే 'అటెన్షన్ నా సిడా' అంటూ సుదీర్ఘమైన పాట కట్టి, యువకులనూ ప్రభుత్వాలనూ ఉపాధ్యాయులనూ పేరుపేరునా హెచ్చరించాడు. గొప్ప పాట, అవసరమైన పాట. 1989 అక్టోబర్ 12న బెల్జియంలో కన్నుమూశాడు. తన జబ్బేమిటో ఆయన లోకానికి చెప్పలేదు, అది ఆయన హక్కు. అయితే హెచ్చరించే గొంతుకూ, 'నేనూ మీలో ఒకణ్ణి' అనే గొంతుకూ పిల్లల మనసులో పడే ముద్ర ఒకటి కాదు.

పర్యటన తర్వాత స్వీడన్ వెళ్లిన లుటాయా ఆ ఏడాది చివర్లో మళ్లీ సొంతగడ్డకు తిరిగొచ్చాడు, ఇక కోలుకోడని తెలిసే. డిసెంబర్ 15న కంపాలాలోని న్సాంబ్యా ఆసుపత్రిలో ప్రాణం విడిచాడు. వయసు 38. క్రిస్మస్‌కు ఇంకా పది రోజులుంది. నాటకమన్నవాళ్లకు ఇక చెప్పడానికేమీ మిగల్లేదు. పాపం, తన మాట నిజమని రుజువు చేసుకోవడానికి ఆ మనిషి చనిపోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత హెచ్‌ఐవీతో బతుకుతున్న ఎందరో ఆయన పేరు మీదే బడులకు వెళ్లి తమ కథలు చెప్పారు. 1990ల తొలి ఏళ్లలో ఉగాండా వయోజనుల్లో దాదాపు 15 శాతం మందిలో ఉన్న హెచ్‌ఐవీ, 2000 దాటేసరికి 6 శాతం దరిదాపులకు తగ్గింది. ఎన్నో చేతులు కలిస్తే, ఎందరో చనిపోతే వచ్చిన మార్పు అది. ఒక్క పాట ఘనత అనను. కాని ఆ పాట లేకపోతే ఎందరు నోరు విప్పేవారు?

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా హెచ్‌ఐవీ ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటిగా నిలిచిన రోజులున్నాయి. కళాజాతాలు ఊరూరా పాడాయి. ఎయిడ్స్ ప్రచారపు పులిరాజా హోర్డింగులు జనం నోళ్లలో నానాయి. ఇప్పుడా సందడి లేదు, వైరస్ మాత్రం ఉంది. ఆ హోర్డింగులు చూడని పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు.

లుటాయాకు దొరకని మందులు మనకున్నాయి. ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గిన స్థితిలోనే ఉంటే, శారీరక సంబంధం ద్వారా ఎదుటివారికి సోకదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, ఫలితం గోప్యం. వివక్ష చూపడం, అనుమతి లేకుండా వివరాలు బయటపెట్టడం 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నిషిద్ధం. సందేహముంటే 1097కు ఫోన్ చెయ్యండి. మీ ఇంట్లో కాలేజీకి వెళ్లే పిల్లలుంటే ఈ నంబర్ వాళ్లకూ చెప్పండి.