లైఫ్ సపోర్ట్: ఒక పదం చరిత్ర, బొగ్గుబాయి సంఘాలలో దాని అర్థం

గోదావరిఖనిలో ఒక విశ్రాంత గని కార్మికుడు వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఆసుపత్రి వరండాలో ఆయన భార్య నన్ను అడిగింది: "అయ్యగారూ, మిషిని తీయమంటే పాపమైతదా?" ప్రార్థన చేద్దామమ్మా అన్నాను గాని ఆమె ప్రశ్నకు జవాబియ్యలేకపోయాను. ఈ ప్రశ్న ఏదో ఒక రోజు ప్రతి కాపరికీ ఎదురవుతుంది. 'లైఫ్ సపోర్ట్' అనే మాట ఎక్కడ పుట్టింది, ఏ అర్థాలలో వాడబడింది, వాక్యపు వెలుగులో దానిని ఎలా గ్రహించాలి అనే విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. పదం పుట్టుక

ఈ మాట ఆసుపత్రిలో పుట్టలేదు. 1950ల చివర అంతరిక్షయానానికి సిద్ధపడుతున్న ఇంజనీర్ల మధ్య ఇది వాడుకలోకి వచ్చింది. గాలి లేని చోటికి మనిషిని పంపి, పని ముగిశాక ప్రాణంతో తిరిగి తెచ్చే ఏర్పాటు అని దాని భావం.

మాట కొత్తదైనా ఆ ఏర్పాటు బొగ్గుబాయిలకు పాతదే. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును కనుగొన్నాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. భూగర్భ గనిలో పైనున్న ఫ్యాను గాలిని నడిపిస్తుంది. పనిస్థలపు గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు విధించాయి. కార్బన్ మోనాక్సైడ్ కమ్మితే బయటపడేందుకు కార్మికుని నడుముకు సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటుంది. వీటన్నిటి ఉద్దేశం ఒక్కటే: దిగినవాడు తిరిగి రావాలి.

అందరూ తిరిగి రాలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలోకి నీరు చొరబడి 17 మంది మరణించారు. మరొక వైపు 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకోగా, గొట్టాల ద్వారా గాలి, ఆహారం అందించి 17వ రోజున అందరినీ ప్రాణాలతో బయటికి తెచ్చారు. ఆ గొట్టమే లైఫ్ సపోర్ట్. అది నివాసం కాదు, దారి తెరుచుకునే వరకు నిలిపే ఆధారం.

2. ఆసుపత్రిలో ప్రవేశం

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో చెలరేగినప్పుడు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతులో గొట్టం అమర్చి, చేతితో గాలి కొట్టించాడు. వందలాది వైద్య విద్యార్థులు మన కార్మికుల వలె షిఫ్టుల మీద ఆ పని చేశారు. అనేకులు బ్రతికారు. క్రమేణా చేతుల స్థానంలో యంత్రాలు వచ్చాయి.

అయితే తిరిగి రాని రోగి మాటేమిటి? 1957 నవంబరు 24న పోప్ పన్నెండవ పయస్ మత్తువైద్యులతో మాట్లాడుతూ, అసాధారణ సాధనాలు వాడి తీరవలసిన బాధ్యత లేదని బోధించాడు. 1968లో హార్వర్డ్ కమిటీ మెదడు మరణానికి ప్రమాణాలు సూచించింది. మన దేశంలో 1994 అవయవ మార్పిడి చట్టం మెదడు కాండ మరణాన్ని గుర్తించింది.

3. మన న్యాయస్థానాలలో

2004 డిసెంబరులో హైదరాబాద్‌లో కండరాల క్షీణతతో బాధపడుతున్న యువకుడు వెంకటేశ్, అవయవాలు చెడిపోకముందే దానం చేసేందుకు లైఫ్ సపోర్ట్ తొలగించమని కోరాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంగీకరించలేదు. ఆ నెలలోనే ఆయన మరణించాడు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని స్థితిలో చికిత్స విరమించే హక్కునూ, ముందుగా వ్రాసిపెట్టుకునే వీలునామానూ గుర్తించింది. 2023 జనవరి 24న ఆ విధానాన్ని సులభతరం చేసింది. రెండు వైద్య బోర్డుల పరిశీలన మాత్రం తప్పనిసరి. మందు ఇచ్చి ప్రాణం తీయడానికి ఈ తీర్పులలో అనుమతి లేదు.

4. వాక్యపు వెలుగులో

నరునిలో జీవవాయువు ఊదినవాడు దేవుడు (ఆది. 2:7). కాబట్టి ఊపిరి యంత్రం సొత్తు కాదు, మన సొత్తు కూడా కాదు. అది ఆయన ఇచ్చినది, ఆయన యొద్దకు మరలునది (ప్రసంగి 12:7).

తెలుగులో లైఫ్ సపోర్ట్‌ను మాటకు మాట 'జీవనాధారం' అనవచ్చు. కాని మన కాలనీలలో జీవనాధారమంటే బాయి పని, నెల జీతం. ఈ రెండు అర్థాలు గ్రంథంలోనూ కలిసే ఉన్నాయి. మార్కు 12:44లో బీద విధవరాలు వేసినది 'బియోస్'. ప్రాణానికీ బ్రతుకుతెరువుకూ గ్రీకులో అదే మాట. ద్వితీయోపదేశకాండము 24:6 తిరగలిని తాకట్టు పట్టరాదంటుంది. అలా చేస్తే 'నెఫెష్', అనగా ప్రాణాన్నే తాకట్టు పట్టినట్లు. తిరిగిరాని ఊపిరి కొరకు ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టి, పిల్లల జీవనాధారం పోగొట్టుకుంటున్న కుటుంబాన్ని చూచి కాపరి మౌనంగా ఉండరాదు. అలాగని ఖర్చు ఒక్కటే చూచి, కోలుకోగల వానిని విడిచిపెట్టమనే అధికారం కూడా అతనికి లేదు.

ముగింపు

కాపరి వైద్యుడు కాడు. అయినా కుటుంబంతో కూర్చొని మూడు సంగతులు వైద్యుని అడిగించగలడు: ఈ యంత్రం దారి తెరుచుకునే వరకు ఆధారమా, లేక దారి మూసుకుపోయిందా? మెదడు మరణం నిర్ధారణ అయినదా? రోగి తన కోరిక ముందే చెప్పియున్నాడా? జవాబులు తెలిసిన తరువాత, చట్టప్రకారం యంత్రం తీయించడం హత్య కాదనీ, దానిని ఉంచడమే విశ్వాసానికి కొలత కాదనీ ధైర్యంగా చెప్పవచ్చు. యంత్రం ఆగినా దేవుని చెయ్యి విడువదు. ఆనాడు ఆ తల్లికి నేను చెప్పవలసిన జవాబు ఇదే.