మూడు రాత్రుల సత్రము, మూడేండ్ల చికిత్స

మన పెద్దలు సత్రములు కట్టించిరి. బాటల వెంట నూతులు త్రవ్వించి, మర్రులు చింతలు నాటించి, వేసవిలో చలివేంద్రము లుంచి, ప్రొద్దు గ్రుంకిన బాటసారికి తల దాచుకొనుటకు చోటును, వండుకొనుటకు బియ్యమును దొరకునట్లు చేసిరి. ఆ ధర్మము యొక్క గొప్పతనమును గూర్చి పలువురు వ్రాసియున్నారు. నేను మరల వ్రాయనక్కరలేదు. కాని ఆ సత్రములలో పెక్కింట ఒక కట్టడి యుండెడిది. బాటసారి మూడు రాత్రులకు మించి యుండరాదు. నాలుగవ నాటి ఉదయమున మూట కట్టుకొని దారి పట్టవలసినదే. దీనిలో నిర్దయ యేమియు లేదు. రేపు వచ్చువానికి చోటు కావలెను గదా!

ఈ రజతోత్సవ సంచికకు విశాఖ ప్రాంతపు ధర్మకార్యముల చరిత్ర నేదైన వ్రాయుమని సంపాదకులు కోరినపుడు నాకు ఆ మూడు రాత్రుల కట్టడియే మొదట స్ఫురించినది. ఏలయన, జబ్బుపడిన బిడ్డను చంక నెత్తుకొని నగరమునకు వచ్చిన తలిదండ్రులు బాటసారులు కారు. వారికి ముందు దారి లేదు. వచ్చిన చోటనే నెలల తరబడి నిలువవలసినవారు. అట్టివారి కొరకు సత్రమెట్లు మారెనో, అందుల కెంత కాలము పట్టెనో చెప్పుటయే నా యుద్దేశము.

విశాఖపట్టణము రేవు కాకమునుపే యాత్రికుల త్రోవలో నున్నది. సింహాచలమున చందనోత్సవమునకు ఉత్తరపు జిల్లాల నుండియు, ఒరిస్సా నుండియు జనము వచ్చుచుండెడివారు. జిల్లా కలెక్టరుగా నుండిన టర్నరు దొర పేర పూర్ణా మార్కెట్టు చేరువ వెలసిన సత్రము నేటికిని నగరవాసులకు గురుతే. గోదావరీ లంకలలో, లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) ఏటి దారిని పోవువారికి వేళ కాని వేళ నన్నము పెట్టి కీర్తి గాంచిరి. వీరందరును పెట్టినది ఒక పూట అన్నము, ఇచ్చినది ఒక రాత్రి నీడ. ఆనాటి అవసరము అంతియే. ఇంకొక మాటయు దాచరాదు. ఆ సత్రములలో కొన్ని ఒక వర్ణము వారికే. కొన్నింట పంక్తులు వేరు, నూతులు వేరు. ధర్మమునకు కూడ గడపలుండెడివి.

1923వ సంవత్సరము జూలై 19వ తేదీన నాటి మదరాసు రాష్ట్ర ప్రధానమంత్రి పానగల్లు రాజావారు విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రిని ప్రారంభించిరి. వైద్య కళాశాలయు ఆ సంవత్సరమే వెలసెను. జనము దానిని ‘పెద్దాసుపత్రి’ యనిరి. ఇప్పటికిని అట్లే యందురు. శ్రీకాకుళము, విజయనగరము, పాడేరు, అరకు మన్యము, ఒరిస్సాలోని కొరాపుట్టు, మల్కనగిరి ప్రాంతములు, వీని కన్నిటికిని అదియే పెద్ద దిక్కు. రోగి వెంట ఇంటివారు వచ్చుట మన యాచారము. బిడ్డ రోగియైనచో తల్లి లోపల మంచము ప్రక్కన కూర్చుండును. తండ్రి వెలుపల చెట్టు క్రింద. జ్వరమో, విరేచనములో, విరిగిన యెముకయో అయినంత కాలము ఈ యేర్పాటు సరిపోయినది. పది దినములలో బిడ్డ కోలుకొనును, లేదా పోవును. ఎట్లైనను కుటుంబము ఇల్లు చేరును.

పసివారి క్యాన్సరు ఈ లెక్కను తారుమారు చేసినది. అట్లు తారుమారగుటకు ముఖ్య కారకుడు మన తెలుగువాడే యగుట చిత్రము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు చదువుటకు చేతిలో రూకలు లేని దశలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయమును కూడ పొంది 1922లో అమెరికా చేరిరి. తరువాత లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన అమినోప్టెరిన్, మెతోట్రెక్సేటు అను మందులును తయారైనవి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు సోకిన పసివారికి అమినోప్టెరిన్ ఇచ్చి చూచెను. పదునార్గురు బిడ్డలలో పదిమందికి గుణము కనబడెనని 1948లో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే. కాని అంతకుముందు అదియును లేదు. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూసిరి.

మందు లేనపుడు ఈ వ్యాధి కొలది వారములలో బిడ్డను తీసికొనిపోయెడిది. మందులు ఒకటికి నాలుగు చేరి, వానిని కలిపి వాడు పద్ధతి కుదిరిన తరువాత చికిత్స రెండు మూడేండ్లు సాగుచున్నది. అందు మొదటి ఆరేడు నెలలు మిక్కిలి కఠినము. మందు వ్యాధితో పాటు రక్తములోని తెల్లకణములను కూడ నశింపజేయును. అట్టి దినములలో బిడ్డకు జ్వరము తగిలినచో గంటలో సూదిమందు పడవలెను. పాడేరు కొండమీద నున్న తండ్రి గంటలో విశాఖ ఎట్లు చేరగలడు? కావున ఆసుపత్రికి దగ్గరగా, శుభ్రమైన చోట, మరిగించిన నీటితోను వేడి యన్నముతోను కాపుర ముండుటయు చికిత్సలో భాగమే. మాత్ర యెంతయో, గది యంతయే. కాని మాత్రకు చీటి వ్రాయుదురు, గదికి వ్రాయరు.

ఇది నేను పుస్తకములలో చదివి నేర్చినది కాదు. ముప్పది యేండ్ల క్రిందట మా మేనత్త మనుమనికి, ఏడేండ్లవానికి, ఈ జబ్బే వచ్చినది. ఒక పెద్ద నగరమునకు తీసికొనిపోయిరి. ఆ యూరి పేరును, ఆసుపత్రి పేరును చెప్పను. మందు ధర్మముగనే ఇచ్చిరి, వైద్యులు మంచివారు. మా వాండ్రు పందొమ్మిది రాత్రులు వరండాలో గోనెపట్టాపై పడుకొనిరి. తెచ్చిన సొమ్ము బస్సులకును, హోటలు కూటికిని సరిపోయినది. బాలునికి జ్వరము తగ్గి, ముఖము తేట పడినది. ‘వాడు బాగున్నాడు, కోతలైన పిమ్మట మరల వత్తము’ అని ఇల్లు చేరిరి. కోతలైనవి. వాడు వానిని చూడలేదు. మేనత్త తన చివరి దినముల వరకును ఒకే మాట అనెడిది: ‘అక్కడ ఒక గది ఉండియుండిన నేను దిగివచ్చెడిదానను కాను.’

వైద్యులు దీనిని చికిత్సను మధ్యలో విడుచుట యందురు. బీదదేశములలో పసివారి క్యాన్సరు మరణములకు ఇదియొక ముఖ్య కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సంపన్నదేశములలో నూటికి ఎనుబదిమందికి పైగా బిడ్డలు బ్రదుకుచుండగా, బీదదేశములలో ముప్పదిమందియైనను దక్కుట లేదు. 2030 నాటికి ఎల్లెడల నూటికి అరువదిమందినైన దక్కించుకొనవలెనని ఆ సంస్థ 2018లో సంకల్పము చెప్పుకొన్నది.

పరదేశములవారు గది మాటను మనకంటె ముందు తలచిరి. అమెరికాలో మెంఫిసు నగరమున 1962లో తెరచిన సెయింట్ జూడు బాలల ఆసుపత్రి వైద్యమునకే గాక కుటుంబము బసకును రుసుము గొనదు. ఫిలడెల్ఫియాలో ఆడ్రీ ఇవాన్సు అను వైద్యురాలు, తలిదండ్రులు ఆసుపత్రి నడవలలో కుర్చీలమీద నిదురించుట చూచి సహింపలేక, దగ్గరలో నొక ఇల్లు కావలెనని పట్టుబట్టెను. ఆ యూరి ఫుట్‌బాలు జట్టులో ఆటగాడగు ఫ్రెడ్ హిల్ కుమార్తెకు రక్తపు క్యాన్సరు వచ్చియుండుటచే జట్టువారు తోడైరి. మెక్‌డొనాల్డ్స్ అను ఫలహారశాలల సంస్థ తాను అమ్మిన పానీయపు రాబడి నిచ్చెను. 1974 అక్టోబరు 15న ఆ ఇల్లు తెరువబడినది. నేడు ఆ పేరిటి సేవ అరువదికి మించిన దేశములలో నున్నది. పేరు అంగడి బొమ్మదే. అంగడివారు తమ పేరు వేసికొనకుండ దానము చేయుదురని నేను తలపను. మన సత్రములకును దాతల పేరిటి శిలాఫలకములు లేకపోలేదు.

మన దేశమున ఈ మార్పు ముంబయిలో స్పష్టముగ కనబడును. అచ్చట టాటా స్మారక ఆసుపత్రి 1941లో వెలసెను. దేశమంతటి నుండి రోగులు వచ్చి పరేలు కాలిబాటలమీద వారముల తరబడి కాపుర ముండెడివారు. దాదరులో గాడ్గే మహారాజు పేరిటి ధర్మశాల ఆ రోగులను చేర్చుకొనుచు వచ్చినది. అయినను క్యాన్సరు బిడ్డలకు గల ప్రత్యేకావసరములు వేరు. 2006లో శ్యామా, నిహాల్ కవిరత్నె దంపతులు కొలది కుటుంబముల కొక చిన్న నివాసము తెరచిరి. అదియే సెయింట్ జూడ్ ఇండియా బాలరక్షా కేంద్రముల మొదలు. మెంఫిసు ఆసుపత్రితో దీనికి పేరు పోలికయే. ఇందు ప్రతి కుటుంబమునకును వేరు గది, ఉమ్మడి వంటయిల్లు, పప్పుబియ్యములు సంస్థవే, ఆసుపత్రికి బండి కలదు, పిల్లలకు చదువు కలదు. రుసుము లేదు. తరువాత ముంబయి ఓడరేవువారు కాటన్ గ్రీన్ వద్ద నుపయోగము లేక పడియున్న తమ పాత భవనముల నీయగా నూటికి మించిన కుటుంబములకు అచ్చట చోటు దొరకినది. రేవు పట్టణమున నున్న మనవారు ఈ యొక్క వాక్యమును రెండు మారులు చదువవలెనని ప్రార్థన.

ఇక విశాఖ. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అను 1966 నాటి ఆందోళనయు, 1971 జనవరి 20న ఇందిరాగాంధిగారు చేసిన శంకుస్థాపనయు పాఠకు లెరిగినవే. ఆ కర్మాగారమునకును ఉక్కునగరమునకును ఎన్నియో పల్లెలు ఇండ్లను పొలములను విడిచినవి. విడిచినవారిలో కొందరికి పునరావాసము చూపిన తావులలో అగనంపూడి యొకటి. ఆ అగనంపూడిలోనే 2014లో టాటా స్మారక కేంద్రము వారి శాఖగా హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. ఇల్లు విడిచి వచ్చుట యన నేమో ఆ నేలకు ముందే తెలియును. ఒకప్పుడు ముంబయికో వేలూరునకో పోవలసిన శ్రీకాకుళపు బిడ్డ ఇప్పుడు తన జిల్లా ప్రక్కనే వైద్యము పొందుచున్నది. సెయింట్ జూడ్ గృహములును హైదరాబాదునకు, పిదప విశాఖకు వచ్చినవి.

అట్టి ఇంట వంటగది యొక్కటియే పాత సత్రమునకును దీనికిని గల దూరమును చూపును. కొరాపుట్టు తల్లి చోడిపిండి కలుపుచుండ, ప్రక్క పొయ్యిమీద పలాస తల్లి పప్పు పెట్టును. ఎవరే కులమని అడుగువారు లేరు. అడుగునది ఒక్కటే, చేతులు సబ్బుతో కడిగికొంటివా అని. పచ్చి కూరగాయ ముక్కలును, కోసి యుంచిన పండ్లును బిడ్డకు నిషిద్ధము. రక్తపరీక్ష బాగున్న నాడు వాడు కోరినది వండుదురు. నాలుగవ నాటి ఉదయమున మూట కట్టుకొమ్మని చెప్పు గుమాస్తా లేడు. పోవలసిన దినమును వైద్యుడు చెప్పును.

చోటు మాత్రము కోరిన వారందరికిని చాలదు. అంతకంటెను బాధాకరమేమనగా, ఇట్టి చోటు గలదని తెలియకయే తిరిగిపోవువారు మన పల్లెలలో నున్నారు. ఆసుపత్రిలో సాంఘిక సేవా విభాగ మొకటి యుండును. బస విషయమున మొదటి దినముననే వారిని అడుగవలెను. మన గ్రంథాలయపు వసారాలోని నల్లబల్లపై ప్రతి ఉదయమును వార్తలు వ్రాయుట యలవాటు. ఆ బల్ల అడుగున ఈ యొక్క పంక్తిని చెరపకుండ నుంచవలెనని కార్యదర్శిగారిని కోరితిని. సుద్దతో గాక తెల్లరంగుతో వ్రాయింతుమనిరి.