మార్పులేని దేవుడు, పక్షపాతములేని న్యాయము

హైదరాబాదునుండి నాగపురమునకు బోవు దారిలో, ఆదిలాబాదు కొండల నడుమ, ఇచ్చోడ యను నూరు గలదు. చుట్టుపట్ల గోండుల గూడెములు. గోండులలో వంశమువారు తమ పెర్సాపేనును గొలుతురు. మెస్రం వంశీయులు పుష్యమాసమున గోదావరినుండి కాలినడకను నీరు దెచ్చి కేస్లాపురమున నాగోబాను సేవింతురు. వంశమును గాచు దేవుడు తనవారి పక్షమున నిలుచుట సహజము. అట్టి సీమలో, ఏ వంశమునకును జెందక, యెన్నడును మాఱక, యెల్లరకు నొక్కటే తీర్పు దీర్చు దేవుడు గలడను క్రైస్తవుల మాట విన్నచో, అది యాచరణలో నెట్లుండెనని యడుగ బుద్ధి పుట్టును. తెలుగుదేశ చరిత్రలోనే దానికి గొంత యుత్తరము గలదు.

క్రైస్తవులలో నీ మాట తొలినుండియు నిర్వివాదమైనది కాదు. క్రీ. శ. 2వ శతాబ్దమున మార్సియను అనునతడు రోము నగరమున, యూదుల గ్రంథములలో శిక్షించు న్యాయదేవుడు వేఱు, యేసు చూపిన దయామయుడు వేఱు అని బోధించెను. 144వ సంవత్సర ప్రాంతమున సంఘ మాతని వెలివేసెను. న్యాయమును దయయు నొక్కనియందే యున్నవని వారి నిర్ణయము. ఐనను జిక్కు విడలేదు. నీనెవె పట్టణమును నాశము చేయుదునన్న దేవుడు, ప్రజలు పశ్చాత్తాపపడగానే విడిచిపెట్టెను గదా! అది మాఱుట గాదా? 3వ శతాబ్దపు పండితుడు ఒరిగెను, ఫరో హృదయము కఠినమైన కథను వివరించుచు, ఒకే యెండకు మైనము కరగును, బురద గట్టిపడును, సూర్యుడు మాత్ర మొక్కడే యని చెప్పెను. ఆ యుపమానము నీనెవెకును జెల్లునని మా తలంపు. మాఱినది పట్టణము.

పుస్తకములలోని యీ మాట యొంగోలులో వీథి కెక్కెను. అమెరికా బాప్టిస్టు మిషనుకు జెందిన జాన్ ఎవరెట్ క్లౌ 1866లో నచ్చటికి వచ్చెను. ఆయన బడిలో పైకులముల బాలురు చదువుచుండిరి. తోళ్ళ వ్యాపారము చేయు యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ క్రీస్తుమతము గైకొని తనవారిని వెంట దెచ్చుచుండెను. మాదిగలను జేర్చుకొన్నచో మేము రామని పైకులములవారు తెగవేసి చెప్పిరి. క్లౌ దంపతులు వేఱువేఱుగ గూర్చుండి వేదము తెఱవగా, ఇరువురికిని బౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని యొకే యధ్యాయము కనబడెనట. దానిని దైవసంకల్ప మనువా రందురు గాక. మాకు ముఖ్యముగ దోచునది తరువాతి పని. బడి విడిచి పైకులముల బాలురు పోయినను, వారు మాదిగలను విడువలేదు.

1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని గొప్ప క్షామము పీడించెను. 1877లో సర్ రిచర్డు టెంపుల్ సహాయపు పనులలోని కూలిని రోజున కొక పౌను ధాన్యమునకును గొద్ది చిల్లరకును దగ్గించెను. ఆకలి దేవుని శిక్షయని పలుకుట సులభమే. కాని యా కూలిని దగ్గించినవాడు దేవుడు గాడు. క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో గొన్ని మైళ్ళ పనిని గుత్తకు దీసికొని వేలమందికి గూలి కల్పించెను. పనివారిలో ననేకులు బాప్తిస్మ మడిగిరి. ఆయన యియ్యలేదు. గింజలకొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకూడదని, క్షామపు పని సాగినంతకాలము నిలిపి యుంచెను. పిమ్మట 1878 జూలై 3వ తేదిని గుండ్లకమ్మలో, ఒక్కనాడే, 2,222 మందికి బాప్తిస్మము జరిగెను. మిషను చరిత్రకారు లీ సంఖ్యనే గొప్పగ జెప్పుదురు. మాకన్ననో, ఒక్కరికి నీయని యా నెలలే యంతకంటె గొప్పవి. దేవుని దయ యాకలినిబట్టి యమ్ముడుపోవునది గాదని యచ్చట దేలినది. ఆకలియే వారిని దెచ్చెనను ననుమానము మాత్రము కొందఱిలో నిలిచియే యున్నది.

సంఘమున జేరినంతనే కులము చావలేదు. మాల మాదిగ భేదము క్రైస్తవులలో నేటికిని గలదు. రాజశాసనము మాత్రము వేఱొక విధముగ లెక్కించెను. 1950 ఆగస్టు 10వ తేది నాటి రాష్ట్రపతి యుత్తరువు ననుసరించి, క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డు కులమువాడుగ బరిగణింపబడడు. ఆ హక్కు 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును జేరినది. తెలుగు రాష్ట్రములలో నట్టి క్రైస్తవులకు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున నూటి కొక్కటి కేటాయించిరి. ఇచ్చోడ గోండు క్రైస్తవుడైనను షెడ్యూల్డు తెగవాడుగనే యుండును. ఆ పట్టికకు మతముతో బని లేదు. ఒక్క దేవుని న్యాయమును నమ్మి యొక్కటే ప్రార్థన చేయు నిరువురిని, ఒంగోలులో నొక కొలతను, ఇచ్చోడలో మఱియొక కొలతను రాజ్యము కొలుచుచున్నది.