మూడు సెకన్ల చినుకు

సింగ్రౌలీ జిల్లా, వింధ్యాచల్ థర్మల్ కేంద్రం. 500 మెగావాట్ల 13వ యూనిట్. పొగలోంచి సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టే అబ్సార్బర్ టవర్‌ను చుట్టుకుని పైకెళ్లే ఇనుప మెట్ల మీద ఉన్నారు మీరు. కింద పంపుల హోరు. పక్కవాళ్లకి వినబడాలంటే చెవి దగ్గర అరవాలి. గోడకవతల పొగ పైకి లేస్తోంది, సున్నపురాయి స్లర్రీ వానలా దిగుతోంది. సుమారు 130 డిగ్రీల వేడితో వచ్చిన పొగ ఆ వానలో తడిసి 50 డిగ్రీల దరిదాపుల్లోకి జారిపోతుంది.

లోపలికి తొంగిచూడలేం. లెక్కతోనే, అంటే టవర్ గణిత మోడల్‌తోనే, వెళ్లాలి.

రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకదాన్ని పట్టుకోండి. కదలని గాలిలో అది సెకనుకు ఆరున్నర మీటర్లు పడుతుంది. ఎదురొచ్చే పొగ వేగం మూడున్నర అనుకుందాం. నికరంగా మిగిలేది మూడు. పది మీటర్లు దిగడానికి మూడు సెకన్ల చిల్లర. సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టుకోవడానికి దానికున్న గడువంతా అదే.

చినుకుకి బయట పలుచటి గాలి పొర, లోపల నీటి పొర. రసాయన ఇంజనీర్లు లూయిస్, విట్‌మన్ 1920ల్లో గీసిన బొమ్మే ఇది. టవర్ పైభాగంలో పొగలో సల్ఫర్ డయాక్సైడ్ పలచన, చినుకు తాజాది. అక్కడ గాలి పొరే అడ్డం. కింద పొగ చిక్కన, చినుకు అప్పటికే పుల్లబడింది. అక్కడ నీటి పొర అడ్డం. అందుకే టవర్‌ను అరలరలుగా కోసి, ఒక్కో అరకీ విడిగా లెక్క కట్టడమే సరైన పని అంటాను.

చినుకు టవర్ అడుగున ఉన్న సంపులో పడింది. ఇక్కడ గడియారమే వేరు. నలభై మైక్రాన్ల రాతి రేణువు మూడు సెకన్లలో పెద్దగా కరగదు. దానికి నిమిషాలు, ఒక్కోసారి గంటలు కావాలి. అడుగున ఊదే గాలి, సల్ఫర్ డయాక్సైడ్ కరిగి మారిన సల్ఫైట్‌ను జిప్సంగా మారుస్తుంది. పీహెచ్ 6 దాటితే వాయువు బాగా పట్టుబడుతుంది గానీ రాయి కరగక జిప్సంలో కలిసి వృథా అవుతుంది. 5 కన్నా దిగితే రాయి చక్కగా కరుగుతుంది, పట్టు సడలుతుంది. 64 కిలోల సల్ఫర్ డయాక్సైడ్‌కి 100 కిలోల రాయి ఖర్చు, 172 కిలోల జిప్సం రాబడి. ఈ రెండు గడియారాలనూ ఒకేసారి నడపలేని మోడల్‌ని నేను నమ్మను.

ఇప్పుడు కంట్రోల్ రూమ్‌కి రండి. 90 శాతం సల్ఫర్ డయాక్సైడ్‌ను వడకట్టడానికి టవర్ చేయాల్సిన పని 2.3 ట్రాన్స్‌ఫర్ యూనిట్లు. 99 శాతానికి 4.6, అంటే సరిగ్గా రెట్టింపు. చివరి ఆ తొమ్మిది శాతమూ చుట్టుపక్కల ఊళ్ల ఊపిరి; దాని కరెంటు ఖర్చు భరించాల్సిందే. రాత్రి లోడు తగ్గినప్పుడు మాత్రం, ఏ పంపు ఆపితే చిమ్నీ దగ్గర పరిమితి దాటదో మోడల్ ముందే చెబుతుంది.