యూనికార్న్

యూనికార్న్ అంటే నుదుట ఒంటికొమ్ము ఉన్న కథల గుర్రం. లాటిన్‌లో 'ఊనుస్' అంటే ఒకటి, 'కోర్ను' అంటే కొమ్ము. ఈ మాటను వ్యాపార పేజీల్లోకి తెచ్చింది అమెరికా ఇన్వెస్టర్ ఐలీన్ లీ. 2003 నుంచి మొదలై 100 కోట్ల డాలర్ల విలువ దాటిన అమెరికన్ సాఫ్ట్‌వేర్ కంపెనీలను లెక్కిస్తే ఆమెకు 39 తేలాయి. అంత అరుదు గనుక, 2013 నవంబరులో టెక్ వార్తల సైట్ టెక్‌క్రంచ్‌లో రాసిన వ్యాసంలో వాటికి ఈ పేరు పెట్టారు.

ఆ విలువ ఎలా తేలుతుంది? ఇన్వెస్టర్ 10 కోట్ల రూపాయలు పెట్టి 20 శాతం వాటా తీసుకుంటే, కంపెనీ విలువ 50 కోట్లు అయినట్టు. ఆ డబ్బు రాకముందు 40. అయితే ఇన్వెస్టర్ షేర్లకు సాధారణంగా ఒక రక్షణ ఉంటుంది: కంపెనీ అమ్ముడుపోతే ముందు వాళ్ల డబ్బు వాళ్లకు చెల్లించాలి. ఉద్యోగుల మామూలు షేర్లకు అది ఉండదు. అయినా అన్ని షేర్లనూ ఇన్వెస్టర్ చెల్లించిన ఆ ఒక్క ధరతోనే గుణించి విలువ ప్రకటిస్తారు. జీతం తగ్గించుకుని స్టాక్ ఆప్షన్లు తీసుకునే కుర్రవాళ్లకు ఈ తేడా ముందే విడమరచి చెప్పాలి, చెప్పకపోవడం అన్యాయం.

ఇలా ప్రకటించిన విలువ నిలవకపోవచ్చు కూడా. ఆఫీసు స్థలాలు అద్దెకిచ్చే అమెరికా కంపెనీ వీవర్క్ విలువ 2019 జనవరిలో 4,700 కోట్ల డాలర్లు. అదే ఏడాది అక్టోబరులో జపాన్ ఇన్వెస్టర్ సాఫ్ట్‌బ్యాంక్ దాన్ని ఆదుకునేనాటికి సుమారు 800 కోట్లు.

యూనికార్న్‌లు మన దగ్గరా ఉన్నాయి: హైదరాబాద్ కంపెనీ డార్విన్‌బాక్స్ 2022 జనవరిలో యూనికార్న్ అయింది. యూనికార్న్‌లలో 1,000 కోట్ల డాలర్ల విలువ దాటినవాటిని ఇప్పుడు 'డెకాకార్న్' అంటున్నారు.