ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు!

2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీల చివరిరోజు డోప్ పరీక్షలకి నాడా వాళ్ళొచ్చారు. ఆ కబురు పాకింది. అంతే, ఎనిమిదిమంది ఉండాల్సిన వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరిగెత్తాడు. చదవగానే నవ్వొచ్చింది గానీ, ఆ మిగతా ఏడుగురి గురించి ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది.

ఈ దొంగా పోలీసాట ఇవాళ్టిది కాదు. ఒలింపిక్స్‌లో డోప్ పరీక్షలు 1968లోనే మొదలైనా, స్టెరాయిడ్లకి పరీక్ష 1976 మాంట్రియల్ దాకా రాలేదు. అమెరికా కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ 1986లో మొదలెట్టింది. 2003లో బాల్కో గుట్టు బయటపడిందీ ల్యాబుల తెలివివల్ల కాదు, ఒక కోచ్ పేరు చెప్పకుండా పంపిన సిరంజివల్ల! అందులో ఉన్న టీహెచ్‌జీ అప్పటిదాకా ఏ పరీక్షకీ చిక్కలేదు. మన భాషలో చెప్పాలంటే, సిగ్నేచర్ లేని వైరస్‌ని యాంటీవైరస్ పట్టుకోలేదు కదా, ఇదీ అంతే.

మనదేశంలో నాడా 2005లో ఏర్పడి, 2009 నుంచి పని మొదలెట్టింది. 2023లో 5606 శాంపిళ్ళు పరీక్షిస్తే 213 పాజిటివ్. అంటే 3.8 శాతం. ఐదువేలకి పైగా పరీక్షలు చేసిన దేశాల్లో మనదే మొదటిస్థానం. ఈ పతకం మాత్రం మనకొద్దు.

హైదరాబాదులో గోపీచంద్ అకాడమీలో సాధన చేసిన ద్యుతీ చంద్‌నే చూడండి. 2014లో ఒంట్లో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ ఎక్కువని ఆపేశారు. అది డోపింగ్ కాదు, పోరాడి గెలిచింది. 2019లో ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో వంద మీటర్ల స్వర్ణం తెచ్చింది. 2022 డిసెంబరులో ఇచ్చిన శాంపిళ్ళలో మాత్రం నిషేధిత మందులే దొరికాయి, నాలుగేళ్ళ నిషేధం పడింది.

ఇక కాలేజీ కుర్రాళ్ళ సంగతి. సికింద్రాబాదులో రైల్ నిలయం ముందునుంచి వెళ్ళేవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. రైల్వే స్పోర్ట్స్ కోటాకి అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో సాధించిన స్థానం కూడా ఒక అర్హతే. సెకనులో పదోవంతు తేడాతో ఒకడికి జీవితాంతం జీతం, ఇంకొకడికి ఏమీ లేదు. మనకి క్యాంపస్ ఇంటర్వ్యూ ఎలాగో వాళ్ళకి ఆ పరుగు అలాగ. రెజ్యూమెలో దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టించే కన్సల్టెన్సీలు మన అమీర్‌పేటలో పుట్టినట్టే, అక్కడ సిరంజి ఇచ్చేవాళ్ళు పుడతారు. తేడా ఏంటంటే, దొంగ రెజ్యూమెతో లివర్ పాడవదు.

అందుకే పెద్ద పోటీల్లో పట్టుకుని పేపర్లకెక్కించడం ఒక్కటే చాలదు. ప్రొడక్షన్‌లో బగ్ దొరికితే ఎంత ఖర్చో మనకి తెలుసు. పరీక్షలు కాలేజీ మైదానం నుంచే మొదలవ్వాలి, కుర్రాడితోబాటు మందిచ్చినవాడూ దొరకాలి. లేకపోతే ఏ మందూ ముట్టకుండా నాలుగోస్థానంలో ఆగిపోయినవాడికి మనం ఏం జవాబు చెప్తాం?