యుద్ధానికి ముందే కుదిరిన బేరం

మిగ్-21 మన దేశానికి ఎలా వచ్చిందని అడిగితే చాలామంది ఒకే వరుసలో చెబుతారు. 1962లో చైనా దాడి చేసింది. ధ్వని కంటే వేగంగా పోయే యుద్ధ విమానాల అవసరం అప్పుడు తెలిసొచ్చింది. అమెరికాను అడిగితే ఇవ్వనంది. సోవియట్ యూనియన్ ఇచ్చింది. ఇవి జరగని సంగతులేమీ కావు. జరిగిన వరుస మాత్రం ఇది కాదు.

ముందు తేదీలు చూద్దాం. చైనా సేనలు సరిహద్దు దాటి దాడికి దిగింది 1962 అక్టోబర్ 20న. మిగ్-21ల కోసం ఢిల్లీ, మాస్కో ఒప్పందం చేసుకున్నది అదే ఏడాది ఆగస్టులో. అంటే దాడికి రెండు నెలల ముందే బేరం కుదిరింది. ఎఫ్-104 విమానాలు ఇవ్వలేమని అమెరికా చెప్పిందని అందరూ గుర్తు చేసుకునే సందర్భం 1964 మే నెలది. అప్పటికి మొదటి మిగ్‌లు చండీగఢ్‌లో ఎగురుతున్నాయి. ఆగస్టులో కుదిరిన ఒప్పందానికి అక్టోబర్ దాడి కారణం కాలేదు. రెండేళ్ల తర్వాతి నిరాకరణ అసలే కాలేదు. మరి 1962 వేసవికి ముందు ఏం జరిగింది?

మొదట పాకిస్తాన్ వైపు వెతికాను. ఆ దేశం 1954 మేలో అమెరికాతో సైనిక సహాయ ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఆగ్నేయాసియా కూటమిలో, మరుసటి ఏడాది బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. కూటమిలో ఉన్నందుకు సేబర్ జెట్లు వచ్చాయి. 1961 నుంచి ఎఫ్-104లు వచ్చాయి. మన దగ్గర అప్పుడున్న హంటర్, మిస్టేర్, నాట్ విమానాల్లో ఏదీ ఎఫ్-104 వేగాన్ని అందుకోలేదు. ధ్వనిని మించిన విమానం ఎందుకు కావాల్సి వచ్చిందో ఇక్కడ తేలిపోయింది. దాన్ని మాస్కోలోనే ఎందుకు కొన్నారో తేలలేదు. వాంపైర్, హంటర్, కాన్‌బెర్రా, నాట్ బ్రిటన్ నుంచి వచ్చినవి. తూఫానీ, మిస్టేర్ ఫ్రాన్స్ నుంచి వచ్చినవి. పాకిస్తాన్ భయం ఒక్కటే అయితే పాత దుకాణానికే వెళ్లి ఉండేవారు. బ్రిటన్ దగ్గర లైట్నింగ్ అనే విమానం సిద్ధంగా ఉంది కూడా.

రెండో దారి మరింత ఆశ పెట్టింది. 1960 జూలైలో సోవియట్ యూనియన్ చైనా నుంచి తన నిపుణులను వెనక్కి పిలిచింది. ఆ తర్వాతే మనకు లద్దాఖ్‌కు సరుకు మోసే ఆంటొనోవ్-12 రవాణా విమానాలు, ఎంఐ-4 హెలికాప్టర్లు వచ్చాయి. చైనాతో చెడింది కాబట్టి మాస్కో భారత్‌ను చేరదీసిందని, మిగ్ ఆ క్రమంలోనే వచ్చిందని అనుకోవడం తేలిక. కానీ ఒక్క కాగితం ఈ వాదనను నిలబడనివ్వదు. 1961లో, అంటే నిపుణులను వెనక్కి పిలిచాక, మాస్కో అదే మిగ్-21ను తయారు చేసుకునే హక్కును చైనాకు ఇచ్చింది. చైనాకు వ్యతిరేకంగా భారత్‌ను సిద్ధం చేయాలనుకున్నవాళ్లు అదే విమానాన్ని ముందు చైనా చేతిలో ఎందుకు పెడతారు? చీలిక వల్ల మనకు అమ్మారనడానికి ఈ తేదీలు ఒప్పుకోవు. చీలిక ఉన్నా ఇద్దరికీ అమ్మారన్నంత వరకే ఒప్పుకుంటాయి.

మూడో దారి కాశ్మీర్. 1962 జూన్ 22న భద్రతా మండలిలో కాశ్మీర్ తీర్మానాన్ని సోవియట్ ప్రతినిధి వీటో చేశాడు. ఆగస్టులో విమానాల ఒప్పందం కుదిరింది. మధ్య ఎడం రెండు నెలలే. ఒకదానికి ఇంకొకటి బదులని రాసినవాళ్లు ఉన్నారు. అయితే సోవియట్ నాయకులు శ్రీనగర్ వచ్చి కాశ్మీర్ భారత్‌లో భాగమని ప్రకటించింది 1955 డిసెంబర్‌లో. ఇదే అంశంపై 1957 ఫిబ్రవరిలో ఒకసారి వీటో వేశారు కూడా. అప్పుడు మనం కొంటున్నవి బ్రిటన్, ఫ్రాన్స్ విమానాలు. విమానాలు కొనకముందే ఇచ్చిన మద్దతును విమానాలకు ప్రతిఫలం అనలేం. ఈ దారినీ వదిలేశాను.

పనికొచ్చే ఆధారం నేను చూడనిచోట, బెంగళూరులో దొరికింది. మనవాళ్లు సొంతంగా రూపొందించిన హెచ్‌ఎఫ్-24 మారుత్ 1961 జూన్ 17న మొదటిసారి ఎగిరింది. దాని చట్రం ధ్వని వేగాన్ని దాటేలా గీసిన చట్రం. అందుకు సరిపోయే ఇంజిన్ లేదు. ఆర్ఫియస్ ఇంజిన్‌ను మరింత శక్తిమంతంగా మలచడానికి బ్రిటన్ డబ్బు అడిగింది. ఢిల్లీ ఆ ఖర్చుకు ఒప్పుకోలేదు. దాంతో ఇంజిన్ కోసం వేట మాస్కో దాకా పోయింది. మిగ్ పేరు పత్రికల్లో మోగడానికి ముందే మాస్కోతో మాటలు నడుస్తున్నాయన్నమాట. ఆ మాటలు మొదలైంది విమానాలు కొనడానికి కాదు. మన విమానం మనం తయారు చేసుకోవడానికి ఒక ఇంజిన్ కోసం.

ఇక్కడి నుంచి ప్రశ్నను మార్చి చూశాను. ఎవరు మిత్రుడు అని అడగడం మానేసి, ఎవరు ఏ షరతులు పెట్టారు అని అడిగాను. అప్పుడు కాగితాలు దారికొచ్చాయి.

వాంపైర్, నాట్ విమానాలను మనం బెంగళూరులో లైసెన్సు మీద తయారు చేసినవాళ్లం. తయారీ హక్కు అడగడం ఢిల్లీకి కొత్త కాదు. 1962లోనూ అదే అడిగింది. మాస్కో ఇస్తానంది. ఇక డబ్బు. 1957 నుంచి విదేశీ మారకద్రవ్యం కటకటగా ఉంది. పౌండ్లు, డాలర్లు లెక్కపెట్టుకుని ఖర్చు చేస్తున్న రోజులవి. సోవియట్‌తో 1953లో చేసుకున్న వాణిజ్య ఒప్పందం రూపాయల్లో చెల్లింపులకు దారి తీసింది. మిగ్‌లకూ రూపాయల్లోనే చెల్లించవచ్చు. తయారీ హక్కు, రూపాయి చెల్లింపు అనే ఈ రెండూ ఒకే బేరంలో పెట్టిన అమ్మకందారు ఆ వేసవిలో ఒక్కడే.

పడమటి దేశాలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఈ సంగతే మన కథల్లో ఎక్కువగా తప్పిపోతుంది. మిగ్ వార్త బయటికి పొక్కగానే, 1962 మేలో అమెరికా సెనేట్ విదేశాంగ సంఘం భారత్‌కు ఇచ్చే సాయంలో నాలుగో వంతు కోయాలని తీర్మానించింది. జూన్‌లో బ్రిటిష్ మంత్రి ఒకరు ఢిల్లీ వచ్చారు. లైట్నింగ్ విమానాలు ఇస్తాం, మిగ్ వద్దు అన్నది ఆయన తెచ్చిన మాట. ఆ ఖర్చులో ఎవరి వాటా ఎంతన్న దానిపై లండన్, వాషింగ్టన్ మధ్య ఉత్తరాలు నడిచాయి. ఆ వేసవిలో పడమర నుంచి వచ్చింది నిరాకరణ కాదు. ఒక చేత్తో బెదిరింపు, ఇంకో చేత్తో పోటీ బేరం. అందుకే, వాళ్లు ఇవ్వనన్నారు కాబట్టి వీళ్ల దగ్గరికి పోయామన్న మాట 1962కు వర్తించదు.

ఇక అక్టోబర్. వరుస బాగా చిక్కుపడేది ఇక్కడే. ఆ నెల నడిమిలో సోవియట్ అధినేత మాస్కోలోని చైనా రాయబారితో మాట్లాడుతూ, భారత్‌కు మిగ్‌ల సరఫరా ఆలస్యం చేస్తామన్నాడు. 25న సోవియట్ పార్టీ పత్రిక సంపాదకీయం చైనా వాదన వైపు మొగ్గింది. అవి క్యూబా క్షిపణుల సంక్షోభం ముదిరిన రోజులు. అమెరికాతో యుద్ధం రావచ్చన్న ఘడియలో మాస్కోకు బీజింగ్ అవసరమైందా? తేదీలు పక్కపక్కనే ఉన్నాయి. అంతకు మించి నేను ఏమీ కలపను. క్యూబా గండం గడిచాక మాస్కో స్వరం మళ్లీ మారిందన్నది మాత్రం పత్రికల్లోనే కనిపిస్తుంది. కుదిరిన ఒప్పందం కుదిరినట్టే ఉంది. సరఫరా మాత్రం అమ్మినవాడి వేరే అవసరం మీద ఆగింది, వేరే అవసరం తీరాక కదిలింది.

కొన్నవాడి వైపూ ఇంతే తారుమారుగా ఉంది. 1962 నవంబర్ 19న మన ప్రధాని అమెరికా అధ్యక్షుడికి ఒకే రోజున రెండు ఉత్తరాలు రాశారు. ధ్వని వేగాన్ని మించిన, అన్ని వాతావరణాల్లో ఎగరగల యుద్ధ విమానాల స్క్వాడ్రన్లు కనీసం 12 కావాలని అడిగారు. బి-47 బాంబర్లు 2 స్క్వాడ్రన్లు కావాలన్నారు. ఈ ఉత్తరాల పూర్తి పాఠం దశాబ్దాల తర్వాత గానీ వెలుగు చూడలేదు. మిగ్ ఒప్పందం కుదిరి అప్పటికి మూడు నెలలు. రెండు రోజుల తర్వాత చైనా కాల్పుల విరమణ ప్రకటించింది. డిసెంబర్‌లో బహామాస్‌లోని నాసౌలో సమావేశమైన అమెరికా, బ్రిటన్ నేతలు భారత్‌కు 12 కోట్ల డాలర్ల సైనిక సాయానికి ఒప్పుకున్నారు. 1963 నవంబర్‌లో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా విమానాలు మన ఆకాశంలో మనతో కలిసి విన్యాసాలు చేశాయి. అదే ఏడాది చండీగఢ్‌లో మొదటి మిగ్‌లు దిగాయి. మాస్కో విమానాలు వచ్చిన ఏడాదే ఢిల్లీ వాషింగ్టన్‌కు ఎన్నడూ లేనంత దగ్గరైంది. స్నేహాలను బట్టి కొనుగోళ్లను ఊహించేవాళ్లకు ఈ ఒక్క ఏడాది చాలు, లెక్క తప్పడానికి.

1964 ఈ దృష్టితో చూస్తే వేరుగా కనిపిస్తుంది. మేలో రక్షణ మంత్రి వాషింగ్టన్‌లో ఎఫ్-104లు అడిగారు, దొరకలేదు. సెప్టెంబర్‌లో మాస్కోలో మిగ్‌ల సంఖ్యను, తయారీ పథకాన్ని పెంచే ఒప్పందం చేశారు. కారణం, ఫలితం అన్న వరుస ఇక్కడ సరిగ్గా కుదురుతుంది. కానీ ఇది మొదటి నిర్ణయం కాదు. ముందే తీసుకున్న నిర్ణయాన్ని విస్తరించడం. జనం నోట్లో నానే కథ ఈ 1964ను తెచ్చి 1962లో అతికించింది.

1965 సెప్టెంబర్ 8న అమెరికా భారత్, పాకిస్తాన్ రెండింటికీ ఆయుధాలు ఆపేసింది. దెబ్బ ఇద్దరికీ సమానంగా తగల్లేదు. కూటమిలో చేరి అమెరికా ఆయుధాల మీదే బతికిన పాకిస్తాన్ వైమానిక దళం చైనా దగ్గరికి, ఆ తర్వాత ఫ్రాన్స్ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. మన దగ్గర అప్పటికి మిగ్ కర్మాగారాలు లేస్తున్నాయి. విమాన చట్రానికి నాసిక్ దగ్గరి ఓఝర్, ఇంజిన్‌కు ఒడిశాలోని కోరాపుట్, లోపలి ఎలక్ట్రానిక్ పరికరాలకు మన హైదరాబాద్ బాలానగర్. బాలానగర్ కర్మాగారం మొదలైంది ఆ 1965లోనే. ఆ ప్రాంతంలో తరతరాల ఉద్యోగాలకు మూలం 1962 వేసవి నాటి ఆ లైసెన్సు షరతే.

మిగిలిన ప్రశ్న ఒక్కటే. మాస్కో మనసు మారితే ఈ ఏర్పాటు నిలిచేదా? అదీ జరిగి చూపింది. 1968 జూలైలో సోవియట్ యూనియన్ పాకిస్తాన్‌కు ఆయుధాలు అమ్మడానికి ఒప్పుకుంది. ట్యాంకులు, హెలికాప్టర్లు వెళ్లాయి. పార్లమెంటులో గొడవ జరిగింది, ఢిల్లీ మాస్కోకు తన అసంతృప్తి తెలిపింది. నాసిక్‌లో మిగ్‌ల తయారీ ఆగలేదు.